హైస్‌మన్ ట్రోఫీ పోటీలో రన్నింగ్ బ్యాక్‌కు ఇంకా చోటు ఉందా?

ప్రశ్న సారాంశం ఇది. 2024లో బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ ఆష్టన్ జెంటీ ఒకే సీజన్‌లో 2,601 యార్డులు పరుగెత్తినా, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక ఆటగాడికి ఇచ్చే, అత్యున్నతంగా భావించే హైస్‌మన్ ట్రోఫీ అతనికి దక్కలేదు. అంటే ఆ ట్రోఫీ ఇక క్వార్టర్‌బ్యాక్‌ల సొత్తు అయిపోయినట్టేనా, రన్నింగ్ బ్యాక్ ఎంత బాగా ఆడినా ఫలితం లేదా అన్నది సందేహం. అవకాశం పూర్తిగా పోలేదు గానీ బాగా సన్నగిల్లింది. అలా సన్నగిల్లడానికి కారణం ఓటర్లకు రన్నింగ్ బ్యాక్‌లంటే చిన్నచూపు అని చాలామంది అనుకుంటారు, నేను మాత్రం ఆ మాట ఒప్పుకోను. ఏ కాలంలో జట్టు దాడి ఎవరి చేతుల మీదుగా సాగుతుందో ఆ కాలంలో ఓట్లు వారికే పడుతూ వచ్చాయి. ఇదే అలవాటు ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్‌లకు నష్టం చేసింది.

అమెరికాలో చదువుకోవడానికి వచ్చిన తరువాత ఈ ఆట చూడడం మొదలుపెట్టిన తెలుగు విద్యార్థుల కోసం రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. దాదాపు ప్రతి ఎత్తులోనూ (బంతి కదిలినప్పటినుంచి ఆగేవరకు సాగే ఒక్కో ప్రయత్నం, ఇంగ్లీషులో ప్లే) బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. దాన్ని గాలిలో విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది అతని చేతిలో ఉంటుంది. రన్నింగ్ బ్యాక్ ఆ బంతిని అందుకొని, ఎదురుగా గోడలా నిలబడిన రక్షకుల మధ్యనుంచి ముందుకు మోసుకెళ్తాడు. అలా ముందుకు సాగిన దూరాన్నే యార్డుల్లో లెక్కిస్తారు. మొదటివాడు మైదానంలో ఉన్నంతసేపూ ఆటలో ఉన్నట్టే. రెండవవాడు బంతి తనకు ఇచ్చినప్పుడు మాత్రమే లెక్కలోకి వస్తాడు.

ఓట్లు ఎలా పడతాయో తెలియకపోతే ఈ పోటీ అర్థం కాదు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి 145 మంది చొప్పున 870 మంది పాత్రికేయులకు ఓటు ఇస్తారు. జీవించి ఉన్న పూర్వ విజేతలందరికీ తలా ఒక ఓటు ఉంటుంది, అభిమానులందరికీ కలిపి మరొకటి ఉంటుంది. ప్రతి ఓటరూ ముగ్గురి పేర్లు రాయాలి. మొదటి స్థానానికి మూడు పాయింట్లు, రెండవదానికి రెండు, మూడవదానికి ఒకటి. ఇదంతా డిసెంబరు మొదటి భాగంలో, కాన్ఫరెన్స్‌ల (జట్ల కూటముల) ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు ముగిసిన వెంటనే, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లూ జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్‌లూ మొదలు కాకముందే పూర్తవుతుంది. అత్యుత్తమ ఆటగాణ్ణి ఎంచుకోమని చెప్పే నిబంధనలు, ఒక స్థానంలో ఆడేవాడిని మరొక స్థానంలో ఆడేవాడితో ఏ కొలమానంతో పోల్చాలో చెప్పవు. ఆ ఖాళీని ఓటర్లు తమ కాలపు అలవాట్లతో పూరించుకుంటారు.

చరిత్రను చూస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. 1935లో న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ మొదటిసారి ఈ ట్రోఫీ ఇచ్చినప్పుడు దాన్ని అందుకున్నది చికాగో విశ్వవిద్యాలయం హాఫ్‌బ్యాక్ (రన్నింగ్ బ్యాక్‌కు అప్పటి పేరు) జే బెర్వాంగర్. 1973లో పెన్ స్టేట్‌కు చెందిన జాన్ కపెలెటీతో మొదలై 1983లో నెబ్రాస్కాకు చెందిన మైక్ రోజియర్ వరకు వరుసగా 11 ఏళ్లు రన్నింగ్ బ్యాక్‌లే గెలిచారు. 1974, 1975 సంవత్సరాల్లో రెండుసార్లు గెలిచిన ఒహాయో స్టేట్ ఆటగాడు ఆర్చీ గ్రిఫిన్ ఘనతను నేటి వరకు మరెవరూ అందుకోలేదు. టోనీ డోర్సెట్, ఎర్ల్ క్యాంప్‌బెల్, బిల్లీ సిమ్స్, చార్లెస్ వైట్, జార్జ్ రోజర్స్, మార్కస్ అలెన్, హెర్షెల్ వాకర్ ఈ వరుసలోని మిగిలిన పేర్లు. ఆ రోజుల్లో పెద్ద జట్లు విష్‌బోన్, వీర్, ఐ ఫార్మేషన్ వంటి, పరుగుకే ప్రాధాన్యమిచ్చే పద్ధతుల్లో ఆడేవి. బంతిని గాలిలో విసరడం ప్రమాదకరమైన పనిగా ఎంచే శిక్షకులు ఎక్కువ. కాబట్టి ఆటను నడిపేది రన్నింగ్ బ్యాకే అన్న భావన సహజంగా నిలదొక్కుకుంది.

అందువల్ల నష్టపోయినవారి పేర్లు ఇప్పుడు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1982లో వాకర్ తరువాత రెండవ స్థానంలో ఆగిపోయినవాడు స్టాన్‌ఫర్డ్ క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే. 1983లో రోజియర్ వెనుక నిలిచినవాడు, విసిరిన బంతుల్లో 71 శాతానికి పైగా సహచరుల చేతికి చేర్చిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్. రోజియర్ 2,148 యార్డుల సీజన్ గొప్పదే, అతని గెలుపును నేను తప్పుపట్టను. కానీ యంగ్ అదే ఆటను 30 ఏళ్ల తరువాత ఆడి ఉంటే ఓటర్లు మరొకరి వైపు చూసేవారు కాదని నా దృఢమైన అభిప్రాయం.

1984లో బోస్టన్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ డగ్ ఫ్లూటీ గెలవడంతో ఆ వరుస తెగింది. మరుసటి ఏడాది ఆబర్న్ రన్నింగ్ బ్యాక్ బో జాక్సన్, అయోవా క్వార్టర్‌బ్యాక్ చక్ లాంగ్‌పై కేవలం 45 పాయింట్ల తేడాతో బయటపడ్డాడు. 1989లో హ్యూస్టన్‌కు చెందిన ఆండ్రీ వేర్, 1990లో బ్రిగమ్ యంగ్‌కు చెందిన టై డెట్మర్ బంతిని గాలిలో విసిరే పాస్ ఆటతోనే ట్రోఫీ గెలిచారు. డెట్మర్ ఆ ఏడాది ఐదు వేల యార్డులకు పైగా విసిరాడు. అయినా 1990 దశకమంతా పోటీ సరిసమానంగానే సాగిందని గుర్తుంచుకోవాలి. 1994లో రషాన్ సలామ్, 1995లో ఎడ్డీ జార్జ్, 1998లో రిక్కీ విలియమ్స్, 1999లో రాన్ డేన్ గెలిచారు, నలుగురూ రన్నింగ్ బ్యాక్‌లే. టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదివే మన పిల్లలు ఆస్టిన్ స్టేడియం దగ్గర చూసే క్యాంప్‌బెల్, విలియమ్స్ విగ్రహాలు రెండూ రన్నింగ్ బ్యాక్‌లవే.

అసలైన మలుపు 2000తో వచ్చింది. 2000 నుంచి 2025 వరకు ఇచ్చిన 26 ట్రోఫీల్లో 21 క్వార్టర్‌బ్యాక్‌లకు వెళ్లాయి. రన్నింగ్ బ్యాక్‌లకు దక్కినవి మూడే: 2005లో రెజీ బుష్, 2009లో మార్క్ ఇంగ్రమ్, 2015లో డెరిక్ హెన్రీ. మిగిలిన రెండింటిలో ఒకటి 2020లో అలబామా రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) డెవాంటా స్మిత్‌కు, మరొకటి 2024లో రిసీవర్‌గానూ, ఎదుటి రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌గానూ రెండు వైపులా ఆడిన కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్‌కు వచ్చాయి.

ఈ మార్పునంతా పాస్ ఆట పెరగడం మీదికి నెట్టేయడం పొరపాటు. ఆటగాళ్లను మైదానం వెడల్పునా పరిచే స్ప్రెడ్ పద్ధతి వ్యాపించిన తరువాత క్వార్టర్‌బ్యాక్ విసరడంతో ఆగలేదు. రన్నింగ్ బ్యాక్‌కు బంతి ఇస్తున్నట్టు చూపి, రక్షకుడు ఎటు కదిలాడో గమనించి, బంతిని తనవద్దే ఉంచుకొని పరుగెత్తడం నేర్చాడు. 2007లో ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో 32 టచ్‌డౌన్‌లు (బంతిని గోల్ లైన్ అనే చివరి గీత దాటించి చేసే స్కోరు) విసిరి, 23 తానే పరుగెత్తి సాధించాడు. 2010లో ఆబర్న్‌కు చెందిన క్యామ్ న్యూటన్ 1,473 యార్డులు, 2016లో లూయివిల్‌కు చెందిన లమార్ జాక్సన్ 1,571 యార్డులు పరుగెత్తారు. ఒకప్పుడు రన్నింగ్ బ్యాక్‌ను ట్రోఫీకి చేర్చిన గోల్ లైన్ దగ్గరి టచ్‌డౌన్‌లు ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడుతున్నాయి. రన్నింగ్ బ్యాక్ తన ప్రత్యర్థితో పాస్ గణాంకాల్లో ఎలాగూ పోటీపడలేడు, పరుగు గణాంకాల్లో కూడా పంచుకోవలసి వచ్చింది. ఇందులో ఎంత విచిత్రం ఉందో 2001 విజేత ఎరిక్ క్రౌచ్‌ను చూస్తే తెలుస్తుంది. నెబ్రాస్కా ఆప్షన్ పద్ధతిలో (బంతి ఇవ్వాలా, తానే పరుగెత్తాలా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు నిర్ణయించే పద్ధతి) ఆడిన అతను ఆ సీజన్‌లో విసిరిన టచ్‌డౌన్‌లు ఏడు, పరుగెత్తి సాధించినవి 18. చేసిన పని చూస్తే అతను చాలావరకు రన్నింగ్ బ్యాకే. పేరు క్వార్టర్‌బ్యాక్ కావడం, దాడి మొత్తం అతని నిర్ణయం మీద నడవడం ఓటర్లను కదిలించాయి.

గెలిచిన ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌ల సీజన్‌లను జాగ్రత్తగా పరిశీలిస్తే, ఈ కాలంలో వారికి ఏం కలిసిరావాలో తెలుస్తుంది. బుష్ ఆడిన సదరన్ కాలిఫోర్నియా జట్టు ఆ డిసెంబరులో ఓటమి ఎరుగని దశలో ఉంది. నవంబరు 19న ఫ్రెస్నో స్టేట్ మీద అతను పరుగు, క్యాచ్, కిక్ రిటర్న్ అన్నీ కలిపి 513 యార్డులు సంపాదించిన రాత్రి పోటీ దాదాపు ముగిసిపోయింది. అతని సొంత జట్టు క్వార్టర్‌బ్యాక్, ముందటి ఏడాది విజేత అయిన మాట్ లైనర్ట్ మూడవ స్థానంలో నిలిచాడు. తరువాత నిబంధనల ఉల్లంఘన వివాదంలో బుష్ 2010లో ట్రోఫీని వదులుకోవలసి వచ్చింది, 2024 ఏప్రిల్‌లో దాన్ని తిరిగి ఇచ్చారు.

2009 నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన సంవత్సరం. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన టోబీ గెర్హార్ట్ యార్డుల్లోనూ టచ్‌డౌన్‌లలోనూ ఇంగ్రమ్ కంటే ముందున్నాడు. అంతేకాదు, నవంబరు చివర ఆబర్న్‌తో మ్యాచ్‌లో ఇంగ్రమ్ 30 యార్డులకే పరిమితమయ్యాడు. కానీ డిసెంబరు 5న అలబామా, ఫ్లోరిడా జట్ల మధ్య జరిగిన ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఇంగ్రమ్ 113 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు సాధించాడు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ టీబో ఆ మ్యాచ్ ఓడిపోయాడు. అదే రోజు మరోచోట టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్‌ని నెబ్రాస్కా రక్షకుడు న్డమకాంగ్ సూ పదేపదే నేలకూల్చాడు. ముందున్న ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ ఒకే రోజు తడబడ్డారు కాబట్టి ఓట్లు రన్నింగ్ బ్యాక్‌ల మధ్యకు వచ్చాయి. ఇంగ్రమ్ 28 పాయింట్ల తేడాతో గెలిచాడు, ట్రోఫీ చరిత్రలో ఇంత స్వల్పమైన తేడా మరొకటి లేదు. గణాంకాలు మాత్రమే చూస్తే నా ఓటు గెర్హార్ట్‌కే పడేది.

2015లో అక్టోబరు చివరి వరకు అందరి నోటా ఉన్న పేరు లూయిసియానా స్టేట్ రన్నింగ్ బ్యాక్ లెనార్డ్ ఫోర్నెట్‌ది. నవంబరు 7న అలబామా రక్షకులు అతన్ని 19 ప్రయత్నాల్లో 31 యార్డులకు కట్టిపడేశారు. అదే మ్యాచ్‌లో హెన్రీ 210 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు సాధించాడు. అక్కడినుంచి శిక్షకుడు నిక్ సేబన్ జట్టు భారమంతా హెన్రీ భుజాల మీద పెట్టాడు. ఆబర్న్ మీద 46 సార్లు, ఫ్లోరిడా మీద 44 సార్లు బంతి మోసిన హెన్రీ, సీజన్ మొత్తంలో 395 సార్లు మోసి 2,219 యార్డులు చేశాడు. సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో 1981 నుంచి చెక్కుచెదరని హెర్షెల్ వాకర్ 1,891 యార్డుల రికార్డు దానితో పోయింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టియన్ మెకాఫ్రీ అన్ని రకాల యార్డులూ కలిపి 3,864 సాధించి 1988 నాటి బ్యారీ శాండర్స్ రికార్డును దాటినా రెండవ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ముగ్గురిలోనూ ఉమ్మడిగా కనిపించేది ఏమిటో గమనించండి. దేశమంతా చూసే పెద్ద మ్యాచ్ నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో వారికి దొరికింది, అందులో వారు వెలిగారు. వారి జట్టు జాతీయ టైటిల్ పోటీలో ఉంది. ఆ ఏడాది ఏ క్వార్టర్‌బ్యాకూ అందరినీ మించి నిలబడలేదు, నిలబడినవాడు చివర్లో జారిపోయాడు. మొదటి రెండూ ఆటగాడు, జట్టు కష్టపడి సంపాదించుకోగలిగినవి. మూడవది పూర్తిగా అదృష్టం. క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రం మొదటి రెండూ ఉంటే సాధారణంగా సరిపోతుంది. ఈ అసమానతే అసలు సమస్య.

అదృష్టం కలిసిరాకపోతే ఏమవుతుందో 2014లో విస్కాన్సిన్ రన్నింగ్ బ్యాక్ మెల్విన్ గోర్డన్ చూశాడు. నవంబరు 15న నెబ్రాస్కా మీద మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో (క్వార్టర్లలో) మూడింటిలోనే 408 యార్డులు పరుగెత్తి ఒకే మ్యాచ్ పరుగులో కొత్త రికార్డు పెట్టాడు. వారం తిరగకముందే ఓక్లహోమాకు చెందిన సమాజే పెరైన్ 427 యార్డులతో దాన్ని దాటేశాడు. ఆపైన ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో గోర్డన్ జట్టు ఒహాయో స్టేట్ చేతిలో 59–0తో చిత్తుగా ఓడింది, అతను చేసినవి 76 యార్డులు. ఎదురుగా ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా ఉన్నాడు. సీజన్ ముగిసేసరికి 42 టచ్‌డౌన్‌లు విసిరి, నాలుగుసార్లు మాత్రమే బంతిని ప్రత్యర్థుల చేతికి చిక్కనిచ్చిన ఆటగాడతను. ఆ ఏడాది ట్రోఫీ సరైనవాడికే చేరిందని నమ్ముతాను. ఓటింగ్ నాటికి గోర్డన్ చేసిన 2,336 యార్డులను ఓటర్లు తక్కువ చేయలేదు, రెండవ స్థానం ఇచ్చారు.

ఇక జెంటీ సంగతి. అతను ఓడింది క్వార్టర్‌బ్యాక్ చేతిలో కాదు, కాబట్టి ట్రోఫీ క్వార్టర్‌బ్యాక్‌ల సొత్తు అన్న వాదనకు అతని ఓటమిని రుజువుగా తీసుకోవడం సరికాదు. హంటర్‌కు 2,231 పాయింట్లు, జెంటీకి 2,017 పాయింట్లు వచ్చాయి. మూడవ స్థానంలోని ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గాబ్రియేల్ ఆ ఇద్దరికీ చాలా దూరంలో ఆగిపోయాడు. 2009 తరువాత మొదటి ఇద్దరి మధ్య తేడా ఇంత తక్కువగా ఉన్న పోటీ ఇదొక్కటే. మౌంటెన్ వెస్ట్ వంటి చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడుతూ ఒక రన్నింగ్ బ్యాక్ అంత దగ్గరికి రావడం నా దృష్టిలో ఆశాజనకమైన విషయం. అంతకుముందు పెద్ద పేరులేని జట్ల రన్నింగ్ బ్యాక్‌లకు ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. 1992లో శాన్ డియెగో స్టేట్‌కు చెందిన మార్షల్ ఫాక్ వరుసగా రెండవ ఏడాది పరుగు యార్డుల సగటులో దేశంలోనే ముందు నిలిచినా, 19 టచ్‌డౌన్‌లు విసిరిన మయామి క్వార్టర్‌బ్యాక్ జీనో టొరెటా గెలిచాడు. అది ఆటగాడికి ఇచ్చిన ట్రోఫీ కాదు, మయామి విజయాలకు ఇచ్చిన ట్రోఫీ అని నేను నిస్సంకోచంగా అంటాను. 2000లో టెక్సస్ క్రిస్టియన్‌కు చెందిన లడేనియన్ టామ్లిన్సన్ 2,158 యార్డులతో నాలుగవవాడయ్యాడు. 2007లో సెంట్రల్ ఫ్లోరిడాకు చెందిన కెవిన్ స్మిత్ 2,567 యార్డులు చేసినా మొదటి నలుగురిలో కూడా రాలేదు. అయోవా స్టేట్‌కు చెందిన ట్రాయ్ డేవిస్ వరుసగా రెండు సీజన్‌లలో రెండు వేలు దాటాడు. 1996లో ఓడిపోయే జట్టులో ఉండి కూడా రెండవ స్థానం వరకు వచ్చాడు, ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ డానీ వుర్ఫెల్‌ను మాత్రం దాటలేకపోయాడు.

జెంటీని శాండర్స్‌తో పోల్చేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 1988లో ఓక్లహోమా స్టేట్‌కు చెందిన బ్యారీ శాండర్స్ 2,628 యార్డులతో ఒకే సీజన్ పరుగు రికార్డు పెట్టింది 11 మ్యాచ్‌లలో. అప్పట్లో బౌల్ మ్యాచ్ యార్డులు అధికారిక లెక్కలోకి వచ్చేవి కావు, 2002 నుంచి వస్తున్నాయి. జెంటీ 14 మ్యాచ్‌లు ఆడి 27 యార్డుల దూరంలో ఆగాడు. అంతేకాదు, ఓట్లు వేసే నాటికి జెంటీ ఖాతాలో ఉన్నవి 2,497 యార్డులే. మిగిలిన 104 డిసెంబరు 31న పెన్ స్టేట్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో వచ్చాయి, అప్పటికి ట్రోఫీ ఇచ్చేసి రెండు వారాలు దాటింది.

రన్నింగ్ బ్యాక్‌కు వ్యతిరేకంగా తరచుగా వినిపించే వాదన మరొకటి ఉంది. ముందు వరుసలో నిలబడి రక్షకులను అడ్డుకునే లైన్‌మెన్ దారి చేస్తేనే అతను పరుగెత్తగలడు కాబట్టి ఆ ఘనత అతని ఒక్కడిది కాదు అంటారు. ఈ మాటలో నిజం ఉంది, కానీ దాన్ని ఒక్కరికే వర్తింపజేయడం అన్యాయం. దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు, అంటే దాడి జట్టు ముందు వరుసకు, ఇచ్చే జో మూర్ అవార్డు మొదటిసారి 2015లో హెన్రీ ముందు నిలిచిన అలబామా లైన్‌కు వెళ్లింది. 2019లో అదే అవార్డు, ఆ సీజన్ మొత్తంలో 60 టచ్‌డౌన్‌లు విసిరి, 1,846 పాయింట్ల రికార్డు తేడాతో హైస్‌మన్ గెలిచిన జో బరో ముందు నిలిచిన లూయిసియానా స్టేట్ లైన్‌కు వెళ్లింది. పైగా బరోకు జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ వంటి రిసీవర్లు ఉన్నారు. అందువల్ల బరో గొప్పతనం తగ్గిందని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అదే ఉదారత హెన్రీకీ గోర్డన్‌కూ ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న. క్వార్టర్‌బ్యాక్ దాదాపు ప్రతి ఎత్తులోనూ బంతిని తాకుతాడు కాబట్టి జట్టు గెలుపులో అతని వాటా పెద్దదన్న మాట ఒప్పుకోవచ్చు. కానీ గెలుపులో వాటాయే కొలమానమైతే దాదాపు ప్రతి ఏడాదీ ఏదో ఒక క్వార్టర్‌బ్యాకే గెలవాలి, అప్పుడు ఓటింగ్ అవసరమే ఉండదు. తన స్థానంలో ఆడేవారందరి మధ్య ఎవరు ఎంత ఎత్తున నిలిచారన్నది చూడడమే న్యాయమని నా అభిప్రాయం. ఉత్తమ ఆటగాడికే ఇచ్చే మరో బహుమతి మాక్స్‌వెల్ అవార్డు ఓటర్లు 2024లో జెంటీని ఎన్నుకున్నప్పుడు బహుశా అదే చూశారు. రన్నింగ్ బ్యాక్‌ల కోసమే 1990 నుంచి ఇస్తున్న డోక్ వాకర్ అవార్డు కూడా ఆ ఏడాది అతనిదే.

ముందు ముందు నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఓటర్ల అలవాటు కంటే శిక్షకుల అలవాటు. ఆటగాళ్ల శరీరాలను కాపాడుకోవడానికి, దాడిలో వైవిధ్యం కోసం, పెద్ద జట్లు ఇద్దరు ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌ల మధ్య బంతిని పంచుతున్నాయి. ఆటగాళ్ల ఆరోగ్యం దృష్ట్యా ఇది మంచిదే. కానీ 2025లో నోటర్ డామ్‌కు చెందిన జెరెమాయా లవ్ బంతి మోసిన ప్రతిసారీ సగటున దాదాపు ఏడు యార్డులు సాధించినా, సీజన్ మొత్తంలో బంతి మోసింది 199 సార్లే, అంటే హెన్రీ మోసిన దానిలో సుమారు సగం. ట్రోఫీ ఓటింగ్ నాటికి ఓటమి లేని ఇండియానా క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకు వెళ్లింది, లవ్ మూడవ స్థానంలో నిలిచాడు. ఆ ఏడాది నోటర్ డామ్‌కు ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు, డిసెంబరు మొదటి వారాంతంలో ఆడడానికి కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ కూడా లేదు. కాబట్టి వచ్చే సీజన్‌లో ఏ రన్నింగ్ బ్యాక్‌కైనా అవకాశం ఉందా అని అంచనా వేయదలిస్తే, సెప్టెంబరులో వచ్చే యార్డుల మొత్తాన్ని పక్కన పెట్టండి. అక్టోబరు ముగిసేసరికి శిక్షకుడు అతనికి ఒక్కో మ్యాచ్‌లో 25 సార్లకు పైగా బంతి ఇస్తున్నాడా, నవంబరులో దేశమంతా చూసే మ్యాచ్ ఆ జట్టుకు మిగిలి ఉందా అన్న రెండింటినీ చూడండి. రెండింటికీ అవునన్న జవాబు వస్తే, అతని పేరు డిసెంబరు బ్యాలెట్‌లో పైన కనిపించే అవకాశం నిజంగానే ఉంటుంది.